సోములమ్మ గీసిన గచ్చు

కొర్రా సోములమ్మ చేతిలో గీత తిన్నగా వస్తుందని మొట్టమొదట కనిపెట్టింది ఆశ్రమ పాఠశాల లెక్కల మాస్టారు. తొంభై ఐదులో, ఏడో తరగతిలో. ఆమె నోటుబుక్కులో త్రిభుజం చూసి, "స్కేలు ఎవరిచ్చారే నీకు?" అని గద్దించాడు. ఎవరూ ఇవ్వలేదు మొర్రో అంటే నమ్మడే! ఎదురుగా నిలబెట్టి మళ్లీ గీయించుకుని, దాని మీద తన స్కేలు పెట్టి చూసుకుని, అప్పుడు గానీ ఊరుకోలేదు. పైగా ఆ రోజు నుంచి బోర్డు మీద బొమ్మలన్నీ ఆమె చేతే వేయించాడు. ఆయనకి సుఖం, ఈమెకి అభ్యాసం.

పది అయ్యాక ఆ మాస్టారే ఐటిఐ దరఖాస్తు తెచ్చి నింపాడు. సివిల్ డ్రాఫ్ట్స్‌మన్, రెండేళ్లు. వాళ్ల ఊరు గెడ్డవలసలో ఆ పేరు పలకడం ఎవరికీ రాలేదు. "గుంట ఇళ్ల బొమ్మలు గీసే సదువు సదువుతోంది" అని తేల్చేశారు. మాటలో తప్పేమీ లేదు లెండి, అదే కదా ఆ చదువు.

చదువయ్యాక అరకులోయ బస్టాండు వెనక నతానియేల్ అనే ఇంజనీరు గారి ఆఫీసులో చేరింది. పెద్దగా పెరిగిన ఆఫీసేమీ కాదు, ఒకటే గది. ఆ గదిలోకి రెండువేల మూడులో విశాఖపట్నం నుంచి ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరు దిగింది. ఘాటు రోడ్డు మీద కుదుపులకి పాడవుతుందని ఇంజనీరు గారు దాన్ని తన ఇంటి దుప్పట్లో చుట్టించి తెప్పించారు. తెప్పించడమైతే తెప్పించారు గానీ, ఆయనకి దాని మొహం చూస్తేనే భయం. సోములమ్మనే నెల్లాళ్లు విశాఖపట్నం పంపించి, కంప్యూటరు మీద బొమ్మలు గీసే ఆటోకాడ్ నేర్పించారు. ఆమె కిరండూల్ రైల్లో తిరిగొచ్చిన రోజు నుంచి ఆ కంప్యూటరూ, దాని ముందు గిర్రున తిరిగే కుర్చీ ఆమెవే. శుక్రవారం సంతకి దిగిన గెడ్డవలస వాళ్లు పసుపో అల్లమో అమ్ముకుని పోతూ పోతూ కిటికీలోంచి తొంగి చూసేవాళ్లు. ఆమె పిలిచినా లోపలికి మాత్రం వచ్చేవాళ్లు కాదు.

ఇక భీముడి సంగతి. సోములమ్మ తల్లి పుట్టింటి ఊరివాడు, వరసకి మావ. మట్టిగోడలు పెట్టి, కప్పులు వేసి, చూసి చూసి సిమెంటు పని పట్టేసిన మేస్త్రి. కాగితం మీద అంకెలు చదవడం రాదు. లెక్కపెట్టడంలో మాత్రం అతన్ని మించినవాడు ఆ కొండల్లో లేడు. కప్పుకి ఎన్ని వాసాలు గీస్తే అన్ని లెక్కపెట్టుకుని, గది పొడుగున తాడు పట్టి, ఆ తాడుని అన్ని మడతలు వేసి, ఒక్కో మడతకీ ఒక్కో వాసం పెడతాడు. టేపు పెట్టి కొలిచినా వెంట్రుకవాసి తేడా ఉండదు. అతని పెళ్లాం పక్కనే ఉండి సిమెంటు కలుపుతుంది, నీళ్లు అందిస్తుంది, పని తప్పుగా పోతే నాలుగు చివాట్లు కూడా పెడుతుంది.

ఆ ఏడు చలికాలంలో ఒక కాఫీ గోదాము వరండాకి కటకటాలు పెట్టాల్సి వచ్చింది. సోములమ్మ పదకొండు చువ్వలు గీసింది. భీముడు తొమ్మిది పెట్టి, "తొమ్మిది సాల్లే, గట్టిగానే ఉన్నాయి" అనుకున్నాడు. గోదాము వాళ్లు వచ్చి ఇంజనీరు గారి మీద పడ్డారు, ఆయన సోములమ్మ మీద పడ్డారు. ఆమె నేరుగా పనిదగ్గరికి వెళ్లి మావ మీద పడింది. ఈమెకి కోపం వస్తే పెద్దా చిన్నా ఉండదు మరి.

"మావా, పనికొచ్చినప్పుడు నీ బుర్ర ఇంటికాడ ఎట్టి రా! నాను గీసిన గీతలు ఎన్నుంటే అన్నీ లెక్కెట్టు. గీసింది గీసినట్టు కట్టు. అంతే!"

భీముడు ఆ చువ్వల వైపు ఓసారి చూశాడు. తల ఊపాడు. ఆ ఊపిన తలే కొంప ముంచింది.

రెండువేల నాలుగు వేసవిలో, కొండ దిగువన మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టలుకి కొత్త అన్నాల హాలు కట్టారు. ముప్పై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల వెడల్పు. అంతవరకూ ఆ పిల్లలు వరండాలో చలికీ జల్లుకీ తింటూ ఉండేవాళ్లు. వార్డెన్ మగ్దలేనమ్మ గారు మూడేళ్లు తిరిగి తిరిగి సాధించిన హాలది. బడులు తెరిచేలోగా, అంటే జూన్ పన్నెండుకల్లా పిల్లలు ఆ హాల్లో కూర్చుని తినాలని ఆమె పట్టు. గచ్చుకి అడుగు చదరపు పలకలు ఆరువందలు లారీలో వచ్చాయి. ఆ రంగు పలకలు విశాఖపట్నం కొట్లో అవే ఆఖరివి. పైన ఓ పాతిక ఇవ్వండి, విరిగితే ఉంటాయని అడిగితే లేవన్నారు.

సోములమ్మ గచ్చు బొమ్మ గీసింది. గీయడమంటే ఒక్కో పలకా గీయక్కర్లేదు. ఆటోకాడ్‌లో హ్యాచ్ అని ఒకటుంది. గది హద్దు చూపించి, కావలసిన నమూనా ఎంచుకుని నొక్కితే లోపలంతా దానంతటదే నిండిపోతుంది. ఇటుకలంటే ఇటుకలు, గళ్లంటే గళ్లు. ఆమె గళ్ల నమూనా ఎంచుకుంది. స్కేలు ఎంత, అంటే నమూనాని ఎన్ని రెట్లు పెంచాలి అని అడిగింది కంప్యూటరు. ఎనభై అని కొట్టింది. ఎందుకు ఎనభై అంటే, చూడ్డానికి ముచ్చటగా ఉందని. అంతకుమించి కారణం లేదు. పక్కన అడుగు పలకలని ఇంగ్లీషులో రాసి ప్రింటు తీసింది, ఇంజనీరు గారు సంతకం పెట్టారు, కాగితం భీముడి చేతికి వెళ్లింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఇంజనీరు గారు ఆఫీసులోకి వస్తూనే గొడుగు మూలకి విసిరేశారు. నెమ్మదైన మనిషి. అలా విసరడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏటయింది సార్?"

"ఏమవుతుంది, నా పిండాకూడు! మీ భీముడు పలకలు కోసి పారేశాడు. నిక్షేపంలాంటి పలకల్ని పది అంగుళాలకి కోసి కుప్ప పెట్టాడు. రెండు వందల నలభై! ఒకటా, రెండా? ఎందుకు కోశావురా అంటే మాట్లాడడు. నేల చూస్తాడు. నాకు ఒళ్లు మండిపోయి పొమ్మన్నాను. ఇక ఈ చుట్టుపక్కల ఏ పనిలోనూ వాణ్ణి అడుగు పెట్టనివ్వను."

సోములమ్మకి కూడా మావ మీద కోపమే వచ్చింది. మతిగానీ పోయిందా ఈ మనిషికి అనుకుంది. కోపంలో ఉన్నవాళ్లకి అందులో తమ చెయ్యి కూడా ఉందేమోనని తోచదు కదా.

మర్నాడు శుక్రవారం. సంతలో ఉప్పు చేపల వరస పక్కన భీముడు ఒక్కడే గొంతుక్కూర్చుని కనిపించాడు. పెళ్లాం రాలేదు. సోములమ్మ దగ్గరికెళ్లి నిలబడింది.

"ఏం పని సేసినావు మావా? పలకల్ని అలగ కోసీమని ఎవలు సెప్పినారు?"

భీముడు అటూ ఇటూ చూశాడు. "ఎవలూ సెప్పనేదులే. నాకే మతి పోయింది. నువ్వు ఎల్లు."

"మతి పోయినోడివి రెండు వందల నలభై ఒక్కలాగే ఎలగ కోసినావు?"

ఆమె కదల్లేదు. చివరికి అతను చొక్కాలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, విప్పకుండానే ఆమె చేతిలో పెట్టాడు. "దీన్ని పొయ్యిలో ఎట్టీ," అన్నాడు.

సోములమ్మ విప్పింది. తన ప్రింటే. వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టింది. పొడుగున ముప్పై ఉండాలి. ముప్పై ఆరు ఉన్నాయి. అడ్డంగా ఇరవై ఉండాలి. ఇరవై నాలుగు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. లెక్కపెట్టినకొద్దీ తగ్గుతాయా ఏమిటి! భీముడు ముప్పై అడుగుల తాడుని ముప్పై ఆరు మడతలు వేశాడు, మడత పది అంగుళాలు తేలింది. అతను ఎప్పుడూ చేసే పనే చేశాడు. పైగా పని నడుమ ఆగకూడదని పలకలన్నీ ముందు కోసుకుని, ఆ తర్వాత సిమెంటు కలిపి ఒక్క ఊపులో పరవడం అతని పద్ధతి. అందుకే ఒక్కటి కూడా పరవకముందే, ఇంజనీరు గారి కంట పడేసరికి, రెండు వందల నలభై తెగిపోయాయి.

"నీకు అనుమానం రానేదా మావా?"

"రాకేటి? పలకేమో పెద్దది, గడేమో సిన్నది. పైగా పలకలు సాలవు. కామేష్ బాబుని అడిగినాను కదా." కామేష్ అంటే పనులు చూసే సూపర్‌వైజరు. "ఆ బాబు బండి దిగకుండానే కాగితంలో ఎలగుంటే అలగ సెయ్యి అన్నాడు. నువ్వూ అదే సెప్పినావు కదా, గీసింది గీసినట్టు కట్టమని. కంపూటరుకి తెలీకుండా ఉంటాదేటి అనుకున్నాను."

ఆమె కాగితం మళ్లీ మడత పెడుతూ అడిగింది. "మరి సార్ తిట్టినప్పుడు ఈ కాగితం సూపించలేకపోయినావా?"

"సూపిత్తే?" భీముడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "నిన్ను ఆ కుర్సీలోంచి లేపీడా? మనోళ్లలో ఆ కుర్సీ ఎక్కినదానివి నువ్వొక్కర్తివే. నిన్ను పంపించీసినాక ఇంకొక గుంటని పిలుత్తారేటి? నాకేటే, కొండుంది, కాఫీ సెట్లున్నాయి. ఎలాగో బతికీగలను."

ఎలాగో బతకడం నిజమే. కానీ మేస్త్రి అన్న పేరు పోయిన మనిషి ఎలా ఉంటాడో ఆమె కళ్లెదుటే కూర్చునుంది. పనిముట్ల సంచి లేకుండా అతన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసుకి వచ్చి కంప్యూటరు తెరిచింది. ఫైలు తీసింది. హ్యాచ్ మీద నొక్కింది. స్కేలు ఎనభై. కాగితం మీద లెక్క వేసింది. ఆ నమూనాలో గడికీ గడికీ మధ్య దూరం అంగుళంలో ఎనిమిదో వంతు. దాన్ని ఎనభైతో గుణిస్తే పది. తొంభై ఆరు కొట్టి ఉంటే పన్నెండు, అడుగుకి అడుగు. ఒక్క అంకె చూసుకుంటే సరిపోయేది.

గదిలో ఎవరూ లేరు. ఎనభై తీసేసి తొంభై ఆరు కొట్టింది. గళ్లు ముప్పై అయ్యాయి. సేవ్ నొక్కింది. చూశారా ఎంత తేలికో! కాగితం తన దగ్గరే ఉంది, మావ నోరు విప్పడు, కామేష్ చచ్చినా ఒప్పుకోడు. ఇంజనీరు గారికి కంప్యూటరు ముట్టుకోవడమే రాదు. తప్పు ఈ లోకంలో ఎక్కడా లేదు. ఒక్క భీముడి నెత్తి మీద తప్ప.

మనం కూడా ఆమెని తొందరపడి మంచిదనొద్దు. ఆ రోజంతా, మర్నాడంతా ఆమె ఊరుకుంది. అన్నం సయించలేదు గానీ ఊరుకుంది. ఆదివారం ఆఫీసు లేదు, ఇంట్లో కూర్చుని ఊరుకుంది. కుర్చీ పోతే గెడ్డవలసలో అమ్మకి ఏం చెప్పాలి? లెక్కల మాస్టారికి ఏం చెప్పాలి? మావ బతికేస్తానన్నాడుగా, పోనీలే అని ఒక వంద సార్లు అనుకుంది. వంద సార్లు అనుకోవలసి వచ్చిందంటేనే అది నిలబడే మాట కాదని ఆమెకి తెలుసు.

సోమవారం పొద్దున్న ఇంజనీరు గారు టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నారో లేదో, ఆమె ఆ కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది.

"సార్, గళ్లు లెక్కెట్టండి."

"ఏమిటిది?"

"ముందు లెక్కెట్టండి సార్. మీరు లెక్కెట్టకపోతే నాను సెప్పలేను."

ఆయన లెక్కపెట్టారు. ముప్పై దాటగానే గ్లాసు కింద పెట్టేశారు.

"తప్పు నాదే సార్. స్కేలు ముచ్చటగా ఉందని కొట్టీసినాను. మొన్న దొంగతనంగా దిద్దీసినాను కూడా. భీముడు మావ నాను గీసినట్టే కోసినాడు. ఈ కాగితం మీకు సూపిత్తే నన్ను తీసీస్తారని నోరు మూసుకున్నాడు. నన్ను తీసీయండి, పరవానేదు. అతన్ని పనిలో ఎట్టుకోండి." అంతా ఒక్క గుక్కలో అనేసింది. అనేశాక ఛాతీ మీంచి బండరాయి దించినట్టయింది.

నతానియేల్ గారి చూపు ఆ కాగితం మూలకి వెళ్లింది. అక్కడ ఆయన సంతకం ఉంది.

"నేను ఒక్క గడి కూడా చూడకుండా ఇంత పొడుగు సంతకం పెట్టాను కదమ్మా," అన్నారు. "నిన్ను తీసేస్తే నన్నెవరు తీసేస్తారు? పద, ముందు హాస్టలుకి వెళ్దాం. మగ్దలేనమ్మ గారికి ముఖం చూపించాలి. పన్నెండు రోజులుంది, పలకలు లేవు. ఏం చెయ్యాలో ఆ ప్రభువుకే తెలియాలి."

హాల్లో మూడొందల అరవై పలకలు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. మూలన కోసినవి. సోములమ్మ వాటిని అప్పుడే చూడటం. కుప్ప అన్నారు గానీ అది కుప్ప కాదు. పది అంగుళాల పలకలు దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. కోయగా మిగిలిన ముక్కల్ని కూడా భీముడు పారెయ్యలేదు. అడుగు పొడుగున్న పట్టీలు ఒక వరస, పది అంగుళాల పట్టీలు మరో వరస, అన్నీ రెండేసి అంగుళాల వెడల్పు. ఒక్కో పలకకీ ఒక చదరం, ఒక పొడుగు పట్టీ, ఒక పొట్టి పట్టీ. ఏ పనికొస్తాయని ఇంత శ్రద్ధగా పేర్చాడో అతనికే తెలియాలి. పనికొచ్చేది పారెయ్యకూడదు, అంతే అనుకుని ఉంటాడు.

మగ్దలేనమ్మ గారు ఇంజనీరు గారిని కడిగేస్తూ ఉండగా సోములమ్మ నేల మీద చతికిలబడింది. ఒక చదరం పెట్టింది. పక్కన పొట్టి పట్టీ నిలువుగా పెట్టింది. ఆ రెండింటి నెత్తి మీద పొడుగు పట్టీ అడ్డంగా పెట్టింది. పదీ రెండూ పన్నెండు. అటూ పన్నెండే, ఇటూ పన్నెండే. దాని పక్కన ఇంకొకటి పేర్చింది. ఆ పక్కన ఇంకొకటి. కోసేటప్పుడు బ్లేడు తినేసినంత మేర సందు వచ్చింది, ఆ సందులో సిమెంటు పడుతుంది.

"సార్! సార్! ఇటు సూడండి బేగి!"

ఇద్దరూ తిట్లు ఆపి చూశారు. నేల మీద వెదురు తడక అల్లినట్టు ఉంది.

"రెండొందల నలభై పలకలంటే రెండొందల నలభై సదరపు అడుగులు సార్. ఇరవైకి పన్నెండు. హాలు నడిమిన ఇది పరిస్తే, సుట్టూ మూడొందల అరవై బాగున్న పలకలు సరిగ్గా సరిపోతాయి. ఒక్క ముక్క పోదు."

ఇంజనీరు గారు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. మళ్లీ వేసుకున్నారు. "హమ్మయ్య" అని అక్కడే సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయారు. మగ్దలేనమ్మ గారు మాత్రం అంత తొందరగా కరిగే మనిషి కాదు. "బొమ్మ గీసి చూపించండి. ఈసారి గీతకీ పలకకీ తేడా వస్తే మిమ్మల్నిద్దర్నీ ఈ హాల్లోనే కూర్చోబెట్టి వడ్డిస్తాను, పిల్లలకి మల్లే," అన్నారు.

ఇక్కడ వచ్చింది చిక్కు. ఇలాంటి నమూనా ఆటోకాడ్‌లో లేదు. రెడీగా ఉన్నవాటిలో ఏదో ఒకటి వేసి ఇలాంటిదే అని చెప్పడానికి ఇక ఆమెకి చెయ్యి రాలేదు. సొంతంగా నమూనా రాసుకోవచ్చని విశాఖపట్నంలో ఒక రోజు చెప్పారు, అందరూ ఆవలించారు, ఆమె మాత్రం రాసుకుంది. ఆ నోటుబుక్కు వెతికి తీసింది. కంప్యూటర్లోనే నోట్‌ప్యాడ్ తెరిచి అక్షరాలతో గీతలు గీయాలన్నమాట. మొదటి వరసలో నక్షత్రం గుర్తు, నమూనా పేరు. ఆ తర్వాత ఒక్కో వరసా ఒక్కో జాతి గీత. ఏ కోణంలో పోవాలి, ఎక్కడ మొదలవ్వాలి, ఎంత దూరానికి ఒకసారి మళ్లీ రావాలి, ఎంత మేర గీయాలి, ఎంత మేర వదలాలి.

గళ్లకి నాలుగు జాతుల గీతలు చాలని తేలింది. అడ్డగీతలు రెండు, సున్నా దగ్గర ఒకటి, పది దగ్గర ఒకటి, పన్నెండేసి అంగుళాలకి మళ్లీ. నిలువు గీత ఒకటి ఆగకుండా. నాలుగోదే పేచీ. అదీ నిలువు గీతే, కానీ పది అంగుళాలు పోయి, పొడుగు పట్టీ వచ్చిన చోట రెండు అంగుళాలు ఆగి, మళ్లీ పది పోవాలి. వదలవలసినదానికి ముందు మైనస్ పెట్టాలి. మొదటిసారి మైనస్ మరిచిపోయింది, మిషను ఛీ పొమ్మంది. పెట్టింది. ఈసారి మూడు జాతులూ వచ్చాయి, నాలుగోది రాలేదు. అంకెలు మార్చింది, కామాలు చూసింది, మూడుసార్లు మొత్తం కొట్టింది. నాలుగోది రాదు. పూట గడిచిపోయింది. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం నోటుబుక్కు చివరి పేజీలో, మూలన, తన చేతిరాతే కనబడింది. 'ఆఖరి వరస అయ్యాక ఎంటర్ కొట్టాలి. లేకపోతే ఆ వరస చదవదు.' ఓలమ్మో! ఇంతేనా! కొట్టింది. హద్దు చూపించి నొక్కింది. తెర నిండా చదరాలూ పట్టీలూ అల్లుకుపోయాయి. కాకపోతే మూలలో పలక సగంలోంచి మొదలైంది, మొదలుబిందువు జరిపి దాన్నీ సరిచేసింది. స్కేలు ఒకటి. అంగుళానికి అంగుళం. ఈసారి ఎక్కడా ముచ్చట చూసుకోలేదు. స్కేలు పెట్టి కొలిచి, వేలు పెట్టి లెక్కపెట్టి, ఇంజనీరు గారిని కూర్చోబెట్టి ఆయన చేత కూడా లెక్కపెట్టించింది.

"నమూనాకి పేరేం పెట్టావ్?" అన్నారు ఆయన తెర వైపు వంగి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ. చదివి నవ్వారు. భీముడు అని ఉంది.

మర్నాడు జీపులో ఇద్దరూ భీముడి ఊరు ఎక్కారు. ఇంజనీరు గారు ఎన్నడూ ఆ దారి ఎక్కిన మనిషి కాదు. భీముడి ఇంటి ముందు పదిమంది చేరారు. ఆయన చెప్పులు విప్పి, అందరూ వినేలా, "భీముడూ, తప్పు నాది. చూడకుండా సంతకం పెట్టాను. అడక్కుండా నిన్ను పొమ్మన్నాను. పనికి రా," అన్నారు.

భీముడి పెళ్లాం గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయిదు దినాల్నుంచి ముద్ద ముట్టలేదు సారూ ఈడు. మీరు తప్పు మీదేనన్నారు, సాల్లెండి. ముందు గంజి తాగి ఎల్లండి," అంది. భీముడు మాత్రం సోములమ్మ వైపే చూశాడు.

"సెప్పీసినావేటి?"

"సెప్పీసినాను."

"మరి కుర్సీ?"

"ఉంది మావా. సార్ తీసీలేదు."

భీముడు గట్టిగా ఊపిరి వదిలి, లోపలికెళ్లి సంచి తెచ్చి జీపులో పెట్టేశాడు. గంజి తాగడం ఆ తర్వాతే.

అయిదు రోజుల్లో గచ్చు అయిపోయింది. ఎర్రరంగు కలిపిన సిమెంటు సందుల్లో నింపేసరికి పట్టీలూ చదరాలూ పైకి తేలాయి. పన్నెండో తారీకున ఎనభై మంది పిల్లలు ఆ గచ్చు మీద వరసలుగా కూర్చుని అన్నం తిన్నారు. కొందరు తినడం మానేసి పట్టీల మీద వేలు పెట్టి దారులు పోతుంటే మగ్దలేనమ్మ గారు గరిటె ఎత్తి అదిలించారు. సోములమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. సంతోషం కంటే ముందు ఆమెకి ఆకలి వేసింది. పిల్లల పక్కనే కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తింది.

ఆ తర్వాత ఆమె చాలా నమూనాలు రాసింది. వంటగది రాళ్లకి, ప్రార్థన మందిరం వరండాకి, కాఫీ ఆరబెట్టే కళ్లానికి. అన్నీ అసలు కొలతల్లోనే. విశాఖపట్నం నుంచి ఆఫీసులవాళ్లు ఫ్లాపీలు పంపించి అడిగి పట్టుకెళ్లేవాళ్లు. వాటిలో భీముడి పేరున్న నమూనా ఎవరో పెద్ద హోటలు గచ్చుకి వాడారని విని భీముడు, "ఈ పేరెవలిదని అడిగినారేటి?" అని ఒక్కటే అడిగాడు. అడగలేదన్నారు. పోనీలెమ్మన్నాడు.

కానీ సోములమ్మకి గుండె బరువు పూర్తిగా దిగింది ఆ గచ్చు రోజున కాదు. వానలు పట్టుకున్నాక, ఆగస్టులో ఒక రోజు ఇంజనీరు గారు ఎవరో పెద్దమనుషులతో మాట్లాడుతూ ఉండగా భీముడు తడిసిన కాళ్లతో తిన్నగా ఆఫీసు లోపలికి వచ్చేశాడు. కొత్త పురిటి వార్డు బొమ్మ ఆమె బల్ల మీద పడేసి, దాని మీద బొటనవేలు గుచ్చాడు.

"ఈ తలుపు ఇలగ లోపలికి తెరిత్తే మంచానికి కొడతాది. పురిటిది ఎలగ దిగుతాది? తప్పు గీసినావు."

గదిలో అందరూ ఇటు తిరిగారు. పెద్దమనుషుల్లో ఒకాయన చిరునవ్వు నవ్వాడు. సోములమ్మ మొహం ఎర్రబడింది. బొమ్మ చూసింది. నిజమే, తలుపు మంచం మీదికి తెరుచుకుంటోంది. తప్పు తనదే. మావ ఈసారి బుర్ర ఇంటి దగ్గర పెట్టి రాలేదు. ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా వచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"నవ్వుతావేటే గుంటా?" అన్నాడు భీముడు, పెద్దమనుషుల ముందే. "బేగి దిద్దు. నాను గోడ లేపాల."